తెప్పకి మోటారు, యాప్‌కి గేమ్ ఇంజిన్

ఈ ఎపిసోడ్ యారాడ బీచ్ నుంచి. వెనక కొండ, ముందు సముద్రం, పక్కన ఇసుక మీదకి లాగిపెట్టిన తెప్పలు. ఒకప్పుడు ఇవి దుంగలు కలిపి కట్టినవి. తెడ్డు, తెరచాపతో నడిచేవి. ఇప్పుడు ఫైబర్ వచ్చింది, వెనక మోటారు వచ్చింది. తెప్ప జాలరిదే, మోటారు మాత్రం ఎక్కడో కంపెనీలో తయారైంది. మన ఫోన్లలోనూ ఇలాంటి కథే నడిచింది.

ముందు గేమ్ ఇంజిన్ అంటే ఏంటో చూద్దాం. బొమ్మని తెర మీద గీయాలి, బంతి నేలకి తగిలితే ఎగరాలి, శబ్దం రావాలి. ఇవి దాదాపు ప్రతి గేమ్‌కీ కావాలి. వీటిని ఒకసారి రాసిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకునే సాఫ్ట్‌వేరే ఇంజిన్. 1993లో డూమ్ వచ్చాక ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది.

తర్వాత కోపెన్‌హాగెన్‌లో ముగ్గురు కలిసి గూబాల్ అనే గేమ్ చేశారు. అది పెద్దగా ఆడలేదు. కానీ దానికోసం చేసుకున్న ఇంజిన్‌ని 2005లో యూనిటీ పేరుతో బయటికి తెచ్చారు. యాపిల్ యాప్ స్టోర్ తెరిచిన 2008లోనే అది ఐఫోన్‌కి వచ్చింది, 2010లో ఆండ్రాయిడ్‌కి. 2016లో అందరినీ రోడ్ల మీద తిప్పిన పోకెమాన్ గో కూడా యూనిటీతో చేసిందే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. గేమ్‌లో యాప్ మొత్తం ఇంజిన్ చేతిలోనే ఉంటుంది. యాప్ తెరిచినప్పటి నుంచి మూసేదాకా పెత్తనం దానిదే. మరి మీది పాఠాల యాప్ అనుకోండి. లాగిన్, వీడియోలు, పరీక్షలు అన్నీ మామూలు పేజీలే. ఒక్క పేజీలో మాత్రం గుండె బొమ్మని వేలితో తిప్పి చూపించాలి. 2017 డిసెంబర్‌లో మన విశాఖలోనే యునెస్కో సంస్థ ఎంజీఐఈపీ 'టెక్' అనే సదస్సు పెట్టింది. డిజిటల్ చదువు, ఆటలతో నేర్పడం, ఇవే అక్కడి మాటలు. అలాంటి యాప్‌కి ఆ ఒక్క పేజీలోనే ఇంజిన్ కావాలి.

అప్పట్లో డెవలపర్లు ఏం చేసేవారంటే, యూనిటీ ఇచ్చిన ప్రాజెక్టుని విప్పి, ఫైళ్లని చేత్తో తమ యాప్‌లో కలిపేవారు. కొత్త వెర్షన్ వస్తే మళ్లీ మొదటికే! చివరికి 2020 జనవరిలో వచ్చిన 2019.3 వెర్షన్‌తో యూనిటీయే దారి ఇచ్చింది. ఇంజిన్‌ని ఒక లైబ్రరీగా విడదీసింది. యాప్ మీది, ఇంజిన్ అతిథి. కావాల్సినప్పుడు లేపొచ్చు, ఆపొచ్చు, దించేయొచ్చు.

కానీ అతిథికి సొంత అలవాట్లు ఉంటాయి కదా. మొదట్లో ఫుల్ స్క్రీన్ ఇస్తేనే పనిచేసేది. ఒక యాప్‌లో ఒక్క ఇంజినే నడవాలి. దించేశాక కూడా కొంత మెమరీ తన దగ్గరే ఉంచుకుంటుంది. ర్యామ్ తక్కువున్న ఫోన్‌లో ఆ భారం తెలిసిపోతుంది.

అసలు పాఠం 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. కొంత పరిమితి దాటాక, గేమ్ ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ ఫీజు కట్టాలని యూనిటీ ప్రకటించింది. ఏళ్ల తరబడి ఆ ఇంజిన్ మీద గేములు కట్టుకున్నవాళ్లు భగ్గుమన్నారు. కంపెనీ ముందు కొంత తగ్గింది, ఏడాది తర్వాత ఆ ఫీజే ఎత్తేసింది. ఈలోపు చాలామంది చూపు ఎవరైనా ఉచితంగా వాడుకోగల గోడో వైపు తిరిగింది.

ఇదిగో, ఈ తెప్ప చూడండి. చిన్న మోటారు అయితే వేట అయ్యాక విప్పి ఇంటికి మోసుకెళ్లిపోవచ్చు. మోటారు చెడినా తెప్ప మిగులుతుంది. మీరు రేపు యాప్ చేస్తే లాగిన్, డేటా, పాఠాలు మీ కోడ్‌లోనే ఉంచుకోండి. ఇంజిన్‌కి ఆ ఒక్క పేజీ ఇవ్వండి. బిగించేటప్పుడే ఎలా విప్పాలో కూడా చూసుకోండి.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.