స్వప్రయోజనమునకై పుట్టిన భాష

1994లో రాస్మస్ లెర్డార్ఫ్ అను గ్రీన్‌లాండ్ సంజాతుడు, వెబ్‌లో తానుంచిన ఉద్యోగార్హతల పత్రమును ఎవరెవరు చూచిపోవుచున్నారో తెలిసికొనవలెనను కుతూహలముతో, సీ భాషయందు కొన్ని చిన్న ప్రోగ్రాములు వ్రాసికొనెను. భాషానిర్మాణ సంకల్పమేదియు అందు లేదు. 1995 జూన్‌లో వానిని మూలసంకేతముతో సహా లోకమున కొసగగా, అన్యులు దిద్దుచు, చేర్చుచు రాగా, అవి క్రమముగా పీహెచ్‌పీ అను భాషగా పరిణమించినవి. పండితులు మెచ్చు పొందిక దానికి ఏనాడును లేదు (ఫంక్షన్ల పేర్లు సైతము ఒక క్రమమున నుండవు!), అయినను, హెచ్‌టీఎంఎల్ పుట నడుమనే ఆజ్ఞలను ఇమిడ్చి, చౌక సర్వరుపైనను నడపగల సౌలభ్యమే, నా యభిప్రాయమున, దాని దిగ్విజయమునకు హేతువు. పిమ్మట ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ విద్యార్థులు జీవ్ సురాస్కీ, ఆండీ గుట్‌మన్స్ దాని అంతర్భాగమును తిరిగి వ్రాయ బూనుకొనగా, 1998లో పీహెచ్‌పీ మూడవ రూపము వెలువడెను. వర్డ్‌ప్రెస్, వికీపీడియాను నడుపు మీడియావికీ, 2004లో హార్వర్డ్ వసతిగృహమున పుట్టిన ఫేస్‌బుక్, ఇవన్నియు ఈ భాషయందే వ్రాయబడినవి.