కుట్టు నొక్కడం (క్విల్టింగ్)
అతుకుల క్విల్ట్ తయారీలో, కుట్టిన ముక్కలపై ఇస్త్రీపెట్టెను జరపకుండా ఆనించి, ఎత్తి, పక్కన మళ్లీ ఆనించే పద్ధతి. చొక్కా ఇస్త్రీలా అటూ ఇటూ తోస్తే గుడ్డ సాగుతుంది. ఐమూలగా కత్తిరించిన అంచులైతే మరీను. 2.5 అంగుళాల చదరాలు తొమ్మిదింటిని పావు అంగుళం కుట్టు మార్జిన్‌తో మూడేసి చొప్పున మూడు వరసలుగా కలిపితే 6.5 అంగుళాల బ్లాక్ రావాలి. ప్రతి అతుకు దగ్గరా కాస్త సాగినా, మడత పూర్తిగా విచ్చుకోకపోయినా పక్క బ్లాక్‌తో మూలలు కలవవు. ముందు ముక్కలను విప్పకుండానే కుట్టుపై ఒకసారి నొక్కాలి. చాలామంది వదిలేసే ఈ పనే దారాన్ని గుడ్డలో కుదురుగా కూర్చోబెడుతుంది. తర్వాత ముక్కను విప్పి, లేత గుడ్డలోంచి నీడ కనబడకుండా మార్జిన్‌ను ముదురు రంగు వైపు మళ్లిస్తారు. పక్కపక్క వరసల్లో మార్జిన్లు ఎదురెదురు దిక్కులకు ఉంటే కుట్లు ఒకదానికొకటి ఒదుగుతాయి. అతుకులు ఎక్కువగా కలిసేచోట మార్జిన్‌ను రెండు వైపులా విప్పి నొక్కితే గుడ్డ ఎత్తుగా ఉబ్బదు.