లినక్సులో షేర్డ్ ఫోల్డర్ ఎందుకు తెరుచుకోదు? - ఓ పాత కథ

పింగ్ చేస్తే పలుకుతుంది. పక్కనున్న విండోస్ 7 నుంచి అదే ఫోల్డర్ టక్కున తెరుచుకుంటుంది. మన లినక్సు డెస్క్‌టాప్ మాత్రం "మౌంట్ ఎర్రర్ 112: హోస్ట్ ఈజ్ డౌన్" అంటుంది. ఎదురుగా ఫ్యాను గిర్రున తిరుగుతున్న మెషీన్ని పట్టుకుని డౌన్ అంటే ఒళ్ళు మండదా మరి!

కరీంనగర్లోనో, మంచిర్యాలలోనో డీటీపీ సెంటర్ నడిపే చుట్టాలున్న సాఫ్ట్‌వేర్ జనాలకి దసరా సెలవుల్లో ఇది ఎదురయ్యే ఉంటుంది. పేజ్‌మేకర్ కోసం, అను ఫాంట్ల కోసం అట్టే పెట్టుకున్న ఎక్స్‌పీ మెషీన్, అందులో ఓ షేర్డ్ ఫోల్డర్. "ఏంది అల్లుడు, మీ లినక్సుతోని గిది గూడ కాదా?" అంటే ఏం చెప్తాం? చెప్పాలంటే నలభై ఏళ్ళ చరిత్ర చెప్పాలి.

1980ల మొదట్లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీరు, డాస్ ప్రోగ్రాం తన డిస్కులోని ఫైలు తెరిచినట్టే పక్క మెషీన్లోదీ తెరవాలని ఓ ప్రోటోకాల్ తయారుచేశాడు. అదే ఎస్ఎంబీ. మైక్రోసాఫ్ట్ దాన్ని పెంచి, ముందు లాన్ మేనేజర్లో, తర్వాత విండోస్‌లో పెట్టింది. ఒకే ఆఫీసులో ఒకదాన్నొకటి నమ్మే నాలుగు మెషీన్ల కోసం పుట్టిన భాష అది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పని పడుతుంది.

ఇక 1991 డిసెంబర్. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్‌కి తన పీసీ నుంచి యునిక్స్ మెషీన్లోని ఫైళ్ళు కావాల్సొచ్చాయి. చేతిలో డాక్యుమెంట్లు లేవు. వైరు మీద పోయే ప్యాకెట్లని చూస్తూ, ఏది అడిగితే ఏ జవాబు వస్తోందో రాసుకున్నాడు. మన ఆదిలాబాద్ పత్తి మార్కెట్లో మరాఠీ ఎట్లా నేర్చుకుంటారు? బడికి పోయి కాదు కదా, బేరాలు వినీ వినీ. ఇదీ అంతే. 1992 జనవరిలో ఆ సర్వర్ని బయటికి వదిలాడు. ముందు పెట్టిన పేరుకి ఓ కంపెనీ అభ్యంతరం చెబితే, 1994లో ఎస్, ఎం, బి అక్షరాలు వరసగా వచ్చే మాటల కోసం డిక్షనరీ ఫైల్లో వెతికాడు. అలా దొరికిందే సాంబా.

విని నేర్చుకున్న భాషతో ఓ తిప్పలుంది. అవతలివాడు యాస మార్చినప్పుడల్లా మళ్ళీ మొదటికొస్తుంది. 1997లో ఎన్‌టీ 4 సర్వీస్ ప్యాక్ 3 వచ్చి, ఎన్‌క్రిప్ట్ చెయ్యని పాస్‌వర్డ్ పంపడం మానేసింది. సెక్యూరిటీ పరంగా మంచిదే, కానీ నిన్నటిదాకా నడిచిన సాంబా సర్వర్లు ఎన్నో ఆ మర్నాడు నడవలేదు. తిట్లు మాత్రం లినక్సుకే.

తర్వాత గొడవ కోర్టులకెక్కింది. 2004 మార్చిలో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కి 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, పోటీదారులకి ప్రోటోకాల్ వివరాలు ఇమ్మంది. 2007 సెప్టెంబర్లో కోర్టు దాన్ని సమర్థించింది. అదే డిసెంబర్లో 10,000 యూరోలు కట్టి ఆ డాక్యుమెంట్లు సాంబా వాళ్ళకి అందేలా ఒప్పందం కుదిరింది. పదహారేళ్ళ పాటు చెవులు రిక్కించి విన్నది చివరికి కాగితం మీద దొరికింది!

అంటే కథ సుఖాంతమా? కాదు. ఎస్ఎంబీ మొదటి వెర్షన్ నమ్మకం మీద కట్టిన ఇల్లు అన్నాను కదా. 2017 మే 12న వన్నాక్రై విండోస్ మెషీన్లలో ఆ వెర్షన్ కోడ్‌లో ఉన్న కన్నంలోంచే దూరింది. ఎక్కడో లండన్లో కాదు, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకోని వాళ్ళు చిక్కారు. 2014లోనే సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు ప్యాచ్ ఇవ్వాల్సొచ్చింది.

ఆ సెప్టెంబర్లో వచ్చిన లినక్సు కెర్నెల్ 4.13, మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప పాత వెర్షన్ మాట్లాడటం మానేసింది. తర్వాతి నెల విండోస్ 10, 2019లో సాంబా 4.11 అదే దారి పట్టాయి. ఎక్స్‌పీకేమో ఆ పాత భాష తప్ప ఇంకోటి రాదు. కాబట్టి ఆ 112 కి అసలు అర్థం "అవతలి మెషీన్ చచ్చింది" అని కాదు, "మా ఇద్దరికీ కలిసే భాష లేదు" అని. మెసేజ్ రాసినవాళ్ళు ఆ ముక్కే చెప్పుంటే ఎంత బాగుండేది!

"వెర్స్=1.0" అని ఒక్క ఆప్షన్ చేరిస్తే ఫోల్డర్ తెరుచుకుంటుంది, నిజమే. చాలామంది దాన్ని ఎఫ్‌స్టాబ్‌లో రాసేసి మర్చిపోతారు. నా అభిప్రాయం అడిగితే, ఒక్కసారి తెరవండి, ఫైళ్ళన్నీ కొత్త మెషీన్లోకి తెచ్చుకోండి, ఆ లైను తీసేయండి, పాత మెషీన్ నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. ప్రింట్లకి పెన్‌డ్రైవ్ చాలు. ఒకప్పుడు తలుపు తెరుచుకోకపోతే అవతలివాడు తాళంచెవి దాచాడని అర్థం. ఇవాళ తెరుచుకోకపోతే మన మంచికే గడియ పెట్టారని అర్థం. ఈ తేడా తెలియకుండా గడియ తీయకండి.