వాల్దొక్కో బాలురు – 1854 కలరా: ఒక విద్యాసమూహపు విశ్వాసం, సేవ

జనవరి 31న, పునీత డాన్ బోస్కో పండుగనాడు, మన కతోలిక పాఠశాలల ప్రార్థన సమావేశాలలో ఒక కథ చెప్పడం కద్దు. 1854లో ఇటలీలోని ట్యూరిన్ నగరాన్ని కలరా పట్టుకుంది. డాన్ బోస్కోగారి బాలురు 44 మంది రోగులకు సేవచేశారు. మరియమాత కాపుదలవల్ల వారిలో ఒక్కరికీ ఆ వ్యాధి సోకలేదు. కథ ఇక్కడ ముగుస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. ఈ కథను మేము కాదనడం లేదు. అయితే వ్యాధి ఎందుకు సోకలేదు అనే ప్రశ్నకంటే, ఆ బాలురు అసలు ఎందుకు ముందుకు వచ్చారు అనే ప్రశ్న చరిత్రకారునికి ముఖ్యమని మా అభిప్రాయం. దానికి జవాబు 1854లో దొరకదు. కొన్నేళ్లు వెనక్కి వెళ్లాలి.

1841లో గురుపట్టం పొందిన డాన్ బోస్కోగారు ట్యూరిన్ వీధులలో చూసినది పల్లెల నుండి కూలికి వచ్చిన పిల్లలను: తాపీపనివారు, రాళ్లు పరిచేవారు, పనిలేక తిరిగేవారు. 1846 ఏప్రిల్ 12, పాస్కా పండుగనాడు, వాల్దొక్కోలో పినార్ది అనే వ్యక్తి ఇంటి వెనుకనున్న పాకలో ఆయన స్థిరపడ్డారు. 1847 నుండి కొందరికి అక్కడే వసతి ఏర్పడింది. చెప్పులు కుట్టే పని, దర్జీపని నేర్పే శాలలు 1853లో మొదలయ్యాయి. ఇంటిలోనే ఉన్నత తరగతులు ప్రారంభమైనది 1855లో మాత్రమే. కనుక కలరా నాటికి వాల్దొక్కో మనమెరిగిన రూపంలో పాఠశాల కాదు. పొద్దున దివ్యబలిపూజలో పాల్గొని, కొందరు పనికి, కొందరు చదువుకు నగరంలోనికి వెళ్లి తిరిగివచ్చే బాలుర ఇల్లు అది.

ఈ ఇంటి భక్తిజీవితం మొదటినుండీ సంఘాల రూపంలో సాగింది. 1847లో పునీత అలోషియస్ గొంజాగా సంఘం ఏర్పడింది. తరచుగా పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం, తోటివారికి మంచి మాదిరి చూపడం దాని నియమాలు. మూడేళ్లకు, 1850లో, ఆ సంఘ సభ్యులతోనే పరస్పర సహాయ సంఘం పుట్టింది. దాని నియమావళి అదే సంవత్సరం అచ్చయింది. ప్రతి సభ్యుడు ఆదివారం ఒక సోల్దో, అనగా 5 చెంతేసిములు, చెల్లించాలి. చేరిన ఆరు నెలల తరువాత జబ్బుపడితే, కోలుకునేవరకు రోజుకు 50 చెంతేసిములు అందుతాయి. లెక్క చూడండి: రోగి ఒక దినపు సహాయం ఒక బాలుని పది ఆదివారాల చందాకు సమానం. అలోషియస్ సంఘంలో లేనివారికి ఇందులో ప్రవేశం లేదు. ప్రార్థించే పేర్లూ చందా కట్టే పేర్లూ ఒకటే. ఈ చిన్న పుస్తకాన్ని డాన్ బోస్కో జీవితచరిత్రలు రెండు వాక్యాలలో దాటివేయడం మాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. 44 మంది కథకు పునాది ఇక్కడే ఉన్నది.

1854 జూలై చివర ట్యూరిన్‌లో కలరా కనిపించింది. వాల్దొక్కోకు ఆనుకునివున్న బోర్గో దోరా అనే పేదవాడ ఎక్కువగా దెబ్బతిన్నది. భయంతో ఇంటివారే రోగులను విడిచి పారిపోయారు. నగరపాలకులు తాత్కాలిక ఆసుపత్రులు తెరిచారు గాని, వాటిలో పనిచేసేవారు దొరకలేదు. ఆగస్టు 5న డాన్ బోస్కోగారు బాలురతో మాట్లాడారు. మొదట 14 మంది, పిదప మరో 30 మంది పేర్లిచ్చారు. వారిని మూడు జట్లుగా విభజించారు. పెద్దవారు ఆసుపత్రులలోను, రోగుల ఇళ్లలోను ఉండాలి. కొందరు వీధులు తిరిగి దిక్కులేక పడివున్నవారిని వెదకాలి. మిగిలినవారు పిలుపు రాగానే వెళ్లేందుకు ఇంటివద్ద సిద్ధంగా ఉండాలి. రోగులకు ఇవ్వడానికి దుప్పట్లు, గుడ్డలు అయిపోయినప్పుడు డాన్ బోస్కోగారి తల్లి మార్గరీతమ్మ బలిపీఠపు వస్త్రాలు సైతం తీసి ఇచ్చారు.

ఈ వివరాలు ఎక్కువగా లెమోయిన్ గురువు కూర్చిన జీవితచరిత్ర సంపుటాలనుండి వచ్చినవి. కలరా గురించిన ఐదవ సంపుటం 1905లో, అనగా యాభై ఏళ్ల తరువాత వెలువడింది. ప్రత్యక్షసాక్షుల మాటలు అందులో ఉన్నాయి. భక్తుని కలం కూడా ఉన్నది. రెంటినీ గుర్తుంచుకొని చదవాలి. ఆ సంపుటంలోనే ఒక సంగతి ఉన్నది. డాన్ బోస్కోగారు బాలురకు ఇచ్చిన ఆజ్ఞ రెండు భాగాలు. చావైన పాపానికి దూరంగా, దేవవరప్రసాదంలో ఉండాలి. ప్రతివాడు వినిగరు సీసా వెంట ఉంచుకొని, రోగిని తాకిన తరువాత చేతులు కడుక్కోవాలి. మన కథలో మొదటిది నిలిచింది, రెండవది జారిపోయింది. కలరా క్రిమిని ఫ్లోరెన్స్‌లో ఫిలిప్పో పచీనీ సూక్ష్మదర్శినిలో చూసినదీ, లండన్‌లో జాన్ స్నో ఒక వీధి పంపునీటిని అనుమానించినదీ ఆ 1854లోనే. వారి మాట ఇంకా ఎవరూ నమ్మలేదు. రాబర్ట్ కోచ్ దానిని స్థిరపరచినది 1884 ప్రాంతంలో. కారణం తెలియకుండానే చేతులు కడిగించిన గురువును చూసి, అద్భుతం తగ్గిపోయిందని ఎవరూ బాధపడనవసరం లేదు. దైవకాపుదల వినిగరు సీసా గుండా రాకూడదని ఏ వేదాంతమూ చెప్పలేదు.

అందరూ ఏమాత్రం బాధలేకుండా బయటపడ్డారనడం కూడా సరికాదు. 16 ఏళ్ల జాన్ కలియేరో, రోగుల మధ్య పనిచేసిన తరువాత, తీవ్రమైన జ్వరంతో పడి మరణం అంచువరకు వెళ్లాడు. కలరా కాదు, నిజమే. బ్రతికి, 1875లో అర్జెంటీనాకు మొదటి సలేసియను వేదబోధకుల బృందాన్ని నడిపించినది, 1915లో కార్డినలు అయినది ఆయనే. 17 ఏళ్ల మైకేల్ రువా, డాన్ బోస్కో తరువాత సలేసియను సభకు అధిపతి అయ్యారు. ఈ వయస్సులు చూస్తే నేటి ప్రధానోపాధ్యాయులెవరూ ఇటువంటి పనికి పిల్లలను పంపరు, పంపకూడదు కూడా. అనుకరించవలసినది ఆపదను కాదు.

మరి దేనిని? మన పాఠశాలల్లో తపస్సుకాలపు కానుకల కవరు వస్తుంది. విద్యార్థి తండ్రివద్ద డబ్బు అడిగి అందులో వేస్తాడు. అది ఎవరికి చేరుతుందో వాడు చూడడు. వాల్దొక్కోలో ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు ఒకే వాడలో ఉండేవారు. నిన్న సోల్దో కట్టినవాడు రేపు రోగి కావచ్చు. కలరా రోగుల గుమ్మం ఆ పిల్లలకు పరాయి గుమ్మం కాదు. కానుకల కవరు పనికిరానిదని మేము అనము. అది సంఘజీవితంనుండి పుట్టనప్పుడు, రుసుములలో మరొకటిగా మిగులుతుంది.

కలరా తగ్గుతున్న రోజులలో, 1854 అక్టోబరు 29న, దోమినిక్ సావియో వాల్దొక్కోలో అడుగుపెట్టాడు. డిసెంబరు 8న జగద్గురువు తొమ్మిదవ భక్తినాథ పోపుగారు మరియమాత అమలోద్భవాన్ని విశ్వాససత్యంగా ప్రకటించారు. 1856 జూన్ 8న సావియో, అతని స్నేహితులు అమలోద్భవమాత సంఘాన్ని స్థాపించారు. ఇందులో సేవ వీధికి కాదు, ఇంటికే: కొత్తగా వచ్చి దిగులుపడే పిల్లవాడు, తగవులమారి, ఎవరూ ఆటలో చేర్చుకోనివాడు – ఇటువంటి ఒక్కొక్కరిని ఒక్కొక్క సభ్యుడు చూసుకోవాలి. సావియో 1857 మార్చి 9న, పదిహేనేళ్లు నిండకముందే కన్నుమూశాడు. 1859 డిసెంబరు 18న సలేసియను సభకు నాంది పలికిన పద్దెనిమిది మందిలో పలువురు ఈ సంఘంలో పెరిగినవారే. ఆ సభవారు 1906లో తంజావూరు చేరి భారతదేశంలో పని ప్రారంభించారు.

కలరావల్ల తల్లిదండ్రులను కోల్పోయిన బాలురను కొందరిని డాన్ బోస్కోగారు ఇంటికి తెచ్చుకున్నారు. వారిలో పీటర్ ఎన్రియా ఒకడు, అప్పటికి 13 ఏళ్లవాడు. సేవచేసిన 44 మందిలో అతడు లేడు. సేవ అందుకున్నవారి పక్షంవాడు. వాల్దొక్కోలోనే పెరిగి, సలేసియను సహోదరుడై, రోగులను చూసుకునే పని చేశాడు. 1888 జనవరిలో డాన్ బోస్కోగారు మంచంపట్టినప్పుడు, ఆయన పక్కన రాత్రులు మేలుకొని ఉపచారం చేసినది ఈ ఎన్రియాయే.