వరదకు ముందే గీసిన పటం

1953 ఫిబ్రవరి 1 తెల్లవారకముందే ఉత్తర సముద్రం నెదర్లాండ్స్ నైరుతి తీరపు గట్లు తెంచుకొచ్చి 1,836 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తీరాన్ని కాపాడే డెల్టా ప్రణాళిక ఆ ఘోరంలోంచే పుట్టిందని చాలామంది నమ్మకం. నాకది సగం నిజమే అనిపిస్తుంది. ఆమోదం వరద తెచ్చింది గానీ, ఆలోచన అప్పటికే సిద్ధంగా ఉంది. ప్రభుత్వ జలవనరుల శాఖ ఇంజనీరు యోహాన్ వాన్ వేన్ ఆ గట్ల ఎత్తు చాలదని 1930ల చివరినుంచే లెక్కలతో చెబుతూ వచ్చారు. సముద్రపు పాయల మూతులనే కట్టేసే పథకంపై ఆయన నివేదిక వరదకు కొద్ది రోజుల ముందే పైఅధికారులకు చేరింది.

యుద్ధంలో చితికిన దేశానికి అంత డబ్బెక్కడిదని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇళ్లు, వంతెనలు, రేవులు అన్నీ ఒక్కసారే కట్టుకోవాల్సిన కాలమది. అయినా గట్లు ఎలా తెగాయో చూడండి. చాలాచోట్ల సముద్రం వైపు రాతికట్టు చెక్కుచెదరలేదు. నీళ్లు పైనుంచి పొర్లి, లోపలి వైపు నిటారుగా ఉన్న మట్టి వాలును నానబెట్టి జార్చేశాయి. వెనక ఆసరా పోయాక గట్టు కూలింది. రోగం ఎత్తు తక్కువ కావడమే, వాన్ వేన్ మొత్తుకున్నదీ దాని గురించే. వరద వచ్చిన నెలలోనే ప్రభుత్వం డెల్టా కమిషన్ వేసి ఆయన్నే కార్యదర్శిని చేసింది. తీరరేఖను దాదాపు 700 కిలోమీటర్లు కుదించే ఆ పథకానికి 1958లో చట్టం వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో వాన్ వేన్ కన్నుమూశారు.