బెంగళూరు దాకా పోకుండా

మన కోలారు జిల్లాలో ఎవరికైనా మతి చలించినా, తాగుడు ముదిరి చేతులు వణుకుతున్నా పెద్దలు చెప్పే మాట ఒకటుండేది: "బెంగళూరుకు పిలుచుకొని పోండి." చెప్పడం తేలికే. బంగారు గనుల నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. రోగిని ఒంటరిగా పంపలేం, తోడు ఒకరు ఉండాలి. ఇద్దరి కూలీ పోతుంది, ఛార్జీలు అదనం. మొదటిసారి అప్పు చేసైనా పోతారు. మూడోసారికి మానేస్తారు. మాత్రలు ఆగిపోతాయి, జబ్బు తిరగబెడుతుంది. అందుకే ఈ వైద్యం చరిత్రంటే, నా దృష్టిలో, దూరం తగ్గుతూ వచ్చిన చరిత్రే.

బెంగళూరులో పిచ్చాసుపత్రి 1847లో మొదలైంది. 1925లో దాని పేరు మెంటల్ హాస్పిటల్‌గా మారింది. 1954లో అక్కడే అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వచ్చింది. ఆ రెండూ కలిసి 1974లో నిమ్హాన్స్ అయ్యాయి. తొలినాళ్ళలో వైద్యమంటే రోగిని ఇంటి నుంచి వేరుచేసి ప్రహరీగోడ లోపల ఉంచడమే.

ఇక మన గనుల సంగతి చూడండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువారు పనికి వచ్చి లైన్లలో కాపురాలు పెట్టారు. రాళ్ళు ఎప్పుడు విరుచుకుపడతాయో తెలియని లోతుల్లో, ఉడికిపోయే వేడిలో పని. గాయపడినవాడికి కంపెనీ ఆస్పత్రి ఉంది. రాతిధూళితో ఊపిరితిత్తులు పాడైతే ఆ జబ్బుకు సిలికోసిస్ అని పేరుంది. షిఫ్టు దిగి సారాయి అంగడి దగ్గర ఆగి, కొన్నేళ్ళకు అది లేనిదే నిలవలేని స్థితికి చేరినవాడికి మాత్రం ఒకటే పేరు: తాగుబోతు. అది జబ్బని ఎవరూ అనుకోలేదు. అంగడిపై అబ్కారీ ఆదాయం సర్కారుకు వస్తూనే ఉంది.

మార్పు 1975లో మొదలైందని చెప్పవచ్చు. ఆ ఏడు నిమ్హాన్స్‌లో సామాజిక మానసిక వైద్య విభాగం ఏర్పడింది. మరుసటి ఏడు ఆనేకల్ తాలూకా సకలవార గ్రామంలో కేంద్రం తెరిచారు. ఊళ్ళలోని మామూలు డాక్టరుకు, ఆరోగ్య కార్యకర్తకు నాలుగు ముఖ్యమైన లక్షణాలు గుర్తించడం నేర్పితే చాలామందికి ఇంటి దగ్గరే వైద్యం అందుతుందన్నది వారి ఆలోచన. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ఆ పద్ధతిని జిల్లా అంతటా అమలుచేసి చూసింది బళ్ళారిలో. 1996లో మొదలైన జిల్లా కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్‌ను ఎంచుకున్నారు. మన వైపు, అప్పటికి కోలారు జిల్లాలోనే ఉన్న గౌరిబిదనూరుకు నిమ్హాన్స్ డాక్టర్లు నెలకొకసారి వచ్చి ఓపీ చూసేవారు. రోగి డాక్టరు దగ్గరకు పోవడం కాదు, డాక్టరే రోగి ఊరికి రావడం. అదీ గొప్ప మార్పు.

తాగుడుకు కూడా ఇలా ఓపీ వైద్యం సాధ్యమేనా అని మీరు అడగవచ్చు. చాలామందికి సాధ్యమే. అయితే ఒక జాగ్రత్త. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్లు, లేనివి కనిపించడం మొదలుకావచ్చు. అది ప్రాణాపాయం. అలాంటివారిని ఆస్పత్రిలో చేర్చాలి. మిగిలినవారు మాత్రలు, బి-1 విటమిన్ తీసుకుంటూ ఇంట్లో ఉండే కోలుకోవచ్చు. అసలు పరీక్ష ఆ తర్వాతే. నెలనెలా వచ్చి డాక్టరుతో మాట్లాడాలి. ఇక్కడే దగ్గరలో ఓపీ ఉండటం విలువ తెలుస్తుంది.

అంగళ్ళు మూయించడమూ చూశాం. ఆంధ్రలో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. కర్ణాటకలో 2007లో సారాయి నిషేధం. దూబగుంట ఆడవాళ్ళ పోరాటం చిన్నది కాదు. కానీ అంగడి మూస్తే అమ్మకం ఆగుతుందే గాని, అలవాటుపడ్డ ఒంటికి వైద్యం జరిగినట్లు కాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరుకు పనికి పోవడం ఎన్నో ఇళ్ళకు బతుకైంది. సోమవారం తరగతిలో కునికిపాట్లు పడే పిల్లవాణ్ణి మెల్లగా అడిగితే, రాత్రి ఇంట్లో ఏం జరిగిందో మా ఉపాధ్యాయులకు తెలిసిపోతుంది. జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకు ముందు ప్రయోగాత్మక సర్వే జరిగింది మన కోలారు జిల్లాలోనే. ఆ తర్వాత 12 రాష్ట్రాల్లో జరిగిన 2015-16 సర్వే ఏం చెప్పిందంటే, మద్యం సమస్య ఉన్నవారిలో నూటికి సుమారు 86 మందికి వైద్యం అందడం లేదు.

కర్ణాటకలో తాలూకా ఆస్పత్రుల్లో మంగళవారాల్లో మానసిక వైద్యుల ఓపీ పెట్టే మనోచైతన్య కార్యక్రమం వచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగి వైద్యం కోసం చాలా దూరం పోవలసిన అగత్యం రాకూడదని చెప్పింది. 2022 నుంచి 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ సలహా దొరుకుతోంది.

ఇంకొక దూరం మిగిలింది. అది భాష. మనసు జబ్బుకు ఎక్స్‌రే లేదు. రోగి చెప్పే మాటే పరీక్ష. ముళబాగిలు అవ్వ "గుండెలో గుబులు, ఒళ్ళంతా సెగలు" అని తెలుగులో చెబుతుంది. లైన్లలో పెద్దాయన తమిళంలో చెప్పుకుంటాడు. చీటీ రాసేది ఇంగ్లీషులో, అడిగేది కన్నడంలో. రెండు భాషలు తెలిసిన పొరుగువారు పక్కన కూర్చుంటే సగం వైద్యం అక్కడే మొదలవుతుంది. మీ వీధిలో అలాంటి అవసరం ఉన్నవారుంటే, ఈసారి "బెంగళూరుకు పిలుచుకొని పోండి" అనకండి. "తాలూకా ఆస్పత్రికి పోదాం, నేనూ వస్తాను" అనండి.