ఆసు పోసే చేతులు, ఆసు పోసే యంత్రం

చౌటుప్పల్ చుట్టుపక్కల కొయ్యలగూడెం, పుట్టపాక, భూదాన్ పోచంపల్లి వంటి ఊళ్లలో మగ్గం ప్రధాన జీవనాధారం. ఇక్కడి నేతలో బొమ్మ బట్ట నేశాక వేసేది కాదు, పోగులోనే ముందుగా రంగు పట్టి ఉంటుంది. రంగు అంటకూడని చోట పోగుల్ని బిగించి కట్టి ముంచుతారు. కట్టడానికి పాత సైకిల్ ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పేలికలు బాగా పనికొచ్చాయి. ఈ చిటికి పని మూలాలు చీరాల ప్రాంతపు తేలియా రుమాళ్లలో ఉన్నాయి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పోచంపల్లిలో నాటుకుంది. పట్టు మీద చిటికి ఆ తర్వాత చాలా కాలానికి, 1970 ప్రాంతంలో వచ్చింది.

చిటికి కట్టాలంటే ముందు పేక పోగును కొలత తప్పకుండా పరచాలి. దాని కోసమే ఆసు. ఒక చట్రంలో ఒకవైపు ఒక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉంటాయి. పోగును ఆ ఒంటి మేకు నుంచి ఎదుటి మేకుకు, మళ్లీ వెనక్కి, లెక్క ప్రకారం తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9000 సార్లు అటూ ఇటూ ఆడాలి. పట్టే సమయం నాలుగైదు గంటలు. మధ్యలో ఒక్క చుట్టు తప్పినా బొమ్మ చెదురుతుంది.

ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. రోజుకు రెండు చీరలకు మించి ఆసు పోయడం కష్టం. భుజాలు, మోచేతులు పట్టేసేవి. చీర నేసినవారి పేరు నిలిచింది, ధర నేతకే కట్టారు. ఆసు పోసిన చేతుల కూలీ చాలా ఇళ్లలో విడిగా లెక్కలోకే రాలేదు. చిటికి చరిత్ర చెప్పేటప్పుడు ఎక్కువగా దాటిపోయేది ఈ సంగతినే.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మాని మగ్గమెక్కిన మనిషి. ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి పడే భుజాల నొప్పిని చూడలేక 1992లో యంత్రం చేయడం మొదలుపెట్టాడు. ఇంజనీరింగ్ చదువు లేదు, చేతిలో డబ్బు లేదు. ఒక్కో కదలికను విడదీసి, ఒక్కో భాగం చేస్తూ పోయాడు. పోగును మేకు చుట్టూ తిప్పి పక్క మేకుకు జరపడం మాత్రం ఏళ్ల తరబడి కుదరలేదు. బతుకుతెరువుకు హైదరాబాదు వెళ్లాక, బాలానగర్‌లో ఒక యంత్రం కదిలే తీరు చూసినప్పుడు ఆ ముడి విడిపోయింది. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టాడు: లక్ష్మి ఆసు యంత్రం.

ఇంట్లో ఒక మూల పట్టేంత చట్రం, చిన్న మోటారు, పోగును మోసే చెయ్యి: యంత్రమంటే ఇంతే. చీరకు పట్టే సమయం గంటన్నరకు తగ్గింది. తర్వాతి నమూనాల్లో ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చింది. బ్రిగేడియర్ గణేశం నడిపే పల్లెసృజన, జాతీయ నవకల్పన ప్రతిష్ఠానం ఈ ఆవిష్కరణను వెలుగులోకి తెచ్చాయి. 2017లో మల్లేశానికి పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం ‘మల్లేశం’ సినిమాగా వచ్చింది.

యంత్రం తీసుకున్నది ఆసు ఒక్కదాన్నే. పోగుల మీద గుర్తులు పెట్టడం, చిటికి కట్టడం, రంగులో ముంచడం, మగ్గం మీద పోగుకు పోగు సరిపెట్టడం ఇప్పటికీ చేతి పనులే.